పిరమిడ్ లోపలి మాయా రాజసమాధి: పైనుంచి తవ్వకుండా సొరంగం ఎందుకు వేస్తారు? మూతరాయి కదిపే ముందు ఏం చేస్తారు?

శ్రావణి_తిరుపతి:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో పురావస్తు శాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. సెమినార్‌కు మెక్సికో, మధ్య అమెరికాల్లోని ప్రాచీన మాయా నాగరికత రాజసమాధుల తవ్వకం తీసుకున్నాను. పాలెంకే (మెక్సికో), తికాల్ (గ్వాటెమాలా), కోపాన్ (హోండురాస్)లలో ఏమేం దొరికాయో ఎక్కడ చూసినా ఉంది. వాటిని ఎలా తవ్వారన్నది మాత్రం రెండు మూడు వాక్యాల్లో తేల్చేస్తున్నారు.

మాకు నేర్పేది చదరపు ట్రెంచ్‌లు, మధ్యలో వదిలే గట్లు, పైనుంచి పొర తర్వాత పొర దిగడం. గుడిమల్లంలో 1973లో గర్భగుడి నేల తవ్వింది కూడా పైనుంచి కిందికే. మరి పది అంతస్తుల ఎత్తున్న రాళ్ళ గుట్ట అడుగున గది ఉంటే దారి ఏది?

నా ప్రశ్నలు ఇవి. సమాధి ఫలానా చోట ఉందని ముందుగా ఎలా పసిగడతారు? వదులు రాళ్ళలో సొరంగం వేస్తే కూలదా, కొలతలు ఎంత? గది కప్పు కనిపించాక మూతరాయి కదిపే లోపు వరసగా చేసే పనులేమిటి? ఎముకల మీద ఉండే ఎర్రటి పొడి పాదరసంతో కూడినది అంటారు, దాన్ని ఎలా తాకాలి? చివరిది: మన చిత్తూరు వైపు పాండవ గుళ్ళకు, అంటే పెద్ద రాతిబండలతో కట్టిన పాతకాలపు సమాధులకు, ఈ పద్ధతుల్లో ఏదైనా పనికొస్తుందా?

తూకంగుండు:

శ్రావణి గారూ, మీ మొదటి రెండు ప్రశ్నలకు నేను చెబుతాను. మూతరాయి తెరిచే పని, ఎర్రపొడి సంగతి సంరక్షణ పని తెలిసినవాళ్ళు చెప్పాలి.

మాయా పిరమిడ్ ఒక్కసారి కట్టింది కాదు. ఉన్న గుడిని పీఠందాకా కూల్చి, అరుదుగా అయితే యథాతథంగా ఉంచి, చుట్టూ రాళ్ళూ మట్టీ నింపి, దాని మీద ఇంకా పెద్దది కడతారు. తర్వాతి రాజు దాని మీద మరొకటి. కోపాన్‌లోని అక్రోపోలిస్ (గుళ్ళూ రాజభవనాలూ ఉన్న ఎత్తైన గుట్ట) 5వ శతాబ్దం మొదటినుంచి 9వ శతాబ్దం మొదటిదాకా ఇలాగే పెరిగింది. పైనుంచి ట్రెంచ్ దింపితే లోపలి గుడి చేరేలోపు పైనున్న కట్టడాలన్నీ పగలగొట్టాలి. తికాల్‌లో 5డి-33 అనే కట్టడానికి అదే జరిగింది. లోపలి దశలు చూడటానికి 1960లలో పై దశను పూర్తిగా విప్పేశారు. సమాచారం చాలా వచ్చింది, కట్టడం మాత్రం ఇక లేదు. అదే కోపాన్‌లో 1989లో రికార్డో అగుర్సియా బృందం సొరంగంలో వెళ్ళింది కాబట్టే రోసలీలా గుడి గార బొమ్మలతో, రంగులతో నిలువునా దక్కింది. నా దృష్టిలో సొరంగానికి ఇంతకంటే వాదన అక్కర్లేదు.

ఎక్కడ ఉందో పసిగట్టే గుర్తులు:

మొదటిది నడిగీత. మెట్ల వరస మధ్యలోంచి గుడి వెనక గోడదాకా ఒక ఊహారేఖ గీస్తే, ముఖ్యమైన నిక్షేపాలు, సమాధులు చాలావరకు ఆ రేఖ మీదే ఉంటాయి. అందుకే సొరంగం నోరు కూడా అక్కడే తెరుస్తారు.

రెండోది గచ్చు. సున్నపు గచ్చు నేలను పట్టుకుని పోతుంటే మధ్యలో ఎక్కడో కోసి మళ్ళీ పూసిన అతుకు కనబడుతుంది. రంగు కొంచెం తేడా, అంచు పదునుగా ఉంటుంది. అతుకు ఉంటే సమాధి ఆ నేల కంటే తర్వాతది. అతుకు లేకుండా నేల సమాధి మీదుగా సాగితే, సమాధి ఆ నేల కంటే ముందుది లేదా ఆ నిర్మాణంలో భాగమే. ఈ ఒక్క విషయం గమనించకుండా గచ్చు పగలగొడితే సమాధి కాలక్రమం చేజారినట్టే. ఆ తర్వాత ఏ ప్రయోగశాలా దాన్ని తిరిగి ఇవ్వలేదు.

మూడోది చెకుముకి పెచ్చులు. తికాల్, ఇంకా బెలీజ్‌లోని కొన్ని చోట్ల గది కప్పు మీద చెకుముకి రాయి పెచ్చులు, ఆబ్సిడియన్ అనే అగ్నిపర్వతపు గాజురాయి ముక్కలు వేల సంఖ్యలో పరిచి ఉంటాయి. నింపుడు రాళ్ళలో ఉన్నట్టుండి ఆ పెచ్చులు గుట్టగా రావడం మొదలైతే గడ్డపార పక్కన పెట్టి తాపీ తీసుకోవాలి. కింద కప్పు దగ్గరే ఉంది. అవి బ్లేడులంత పదును, మందపాటి చేతితొడుగులు లేకుండా మట్టిలో చెయ్యి పెట్టకూడదు.

నాలుగోది, కట్టినవాళ్ళే వదిలిన గుర్తు. పాలెంకే శాసనాల గుడిలో 1949లో ఆల్బెర్తో రూస్ లుయిల్లియెకి నేలలో ఒక పలక కనిపించింది. దానికి రెండు వరసల కంతలు, వాటికి రాతి బిరడాలు. గోడలు నేల దగ్గర ఆగకుండా కిందికి సాగుతున్నాయని ఆయన గమనించారు. పలక లేపితే మెట్లు, మెట్ల నిండా కావాలని కూరిన రాళ్ళూ బంకమట్టీ. పై వరస 45 మెట్లు, అక్కడ మలుపు, కింది వరస ఇంకో 21. అవి ఖాళీ చేయడానికి నాలుగు సీజన్లు పట్టింది. గది చేరింది 1952 జూన్‌లో. అది పాలెంకే రాజు పకల్ సమాధి.

అయిదోది, తవ్వేసిన గది కింద ఇంకోటి. బెలీజ్‌లోని కారకోల్‌లో 1993లో తవ్విన చోటికే మళ్ళీ వెళ్ళి ఇంకా కిందికి దిగితే తే కాబ్ చాక్ సమాధి దొరికిందని 2025లో ప్రకటించారు. ఆయన క్రీ.శ. 331లో గద్దెనెక్కిన రాజు. గది అడుగు గచ్చు కనిపించగానే పని అయిపోయిందని రాసుకోకూడదు.

లైడార్ (విమానం నుంచి లేజర్ కిరణాలతో నేలను కొలిచే పద్ధతి) గురించి ఎవరైనా అడుగుతారు, సిద్ధంగా ఉండండి. 2018లో వెలువడిన గ్వాటెమాలా సర్వే సుమారు 2,100 చదరపు కిలోమీటర్లలో 60,000కు పైగా కట్టడాలు చూపించింది. అది చెట్ల కింది గుట్టలను చూపిస్తుంది, గుట్ట లోపలి గదిని కాదు. భూమిలోకి పంపే రాడార్ కూడా వదులు రాళ్ళ నింపుడులో అంతగా పనికిరాదు. ప్రతి సందూ దానికి బోలుగానే కనిపిస్తుంది.

ఇక సొరంగం. మనిషి వంగి నడిచేంత, తట్ట పట్టుకున్నవాళ్ళు వచ్చిపోయేంత చాలు. సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తు, 80 సెంటీమీటర్ల నుంచి మీటరు వెడల్పు. కప్పు చదునుగా కాకుండా విల్లులా వంపు తిరగాలి. వెడల్పు పెరిగేకొద్దీ కప్పు నిలవదు, అందుకని సౌకర్యం కోసం వెడల్పు చేయకూడదు. కూలుతుందా లేదా అన్నది నింపుడు రకాన్ని బట్టి ఉంటుంది:

- బురదలో బిగించిన రాళ్ళు: ఆరి గట్టిపడి ఉంటాయి. కొయ్య ఆధారం లేకుండానే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. కోపాన్‌లో మూడు కిలోమీటర్లకు పైగా సొరంగాలు వేయగలిగారంటే కారణం చాలావరకు ఈ నింపుడే.
- పొడిగా పేర్చిన రాళ్ళు: ఇదే ప్రమాదం. ఒక రాయి తీస్తే పైనున్న పది జారతాయి. ఇక్కడ ప్రతి అర మీటరుకూ ఆగి, పక్కల్లో రాతి గోడ కట్టి, పైన కొయ్య దూలాలు వేసుకుంటూ పోవాలి. ఆధారం లేకుండా ముందుకు పోవడం నిషిద్ధం.
- నింపుడులోనే కట్టిన అడ్డగోడలు: పని పంచుకున్న గుంపుల హద్దులుగా ఇవి వస్తాయి. గోడను పూర్తిగా తీయకుండా సొరంగమంత కంత మాత్రమే చేస్తే అదే ఆధారంగా నిలుస్తుంది.

దిశ తప్పకుండా ఉండటానికి కప్పులో మేకులు కొట్టి దారం, తూకంగుండు వేలాడదీస్తారు. కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్ యంత్రంతో బయటి స్థిర బిందువు నుంచి ప్రతి మలుపుకూ కొలత తెస్తారు. తవ్విన ప్రతి భాగానికీ లాట్ నంబరు. నింపుడు మారినా, గచ్చు దాటినా, గోడ వచ్చినా కొత్త నంబరు. పెంకులన్నీ ఆ నంబరుతోనే సంచిలోకి వెళతాయి. సొరంగంలో పక్కగోడలే మీకు మిగిలే పొరల చిత్రం కాబట్టి రెండు వైపులా 1:20లో గీయాలి. ఒక వైపే గీసి సరిపెట్టడం చాలా రిపోర్టుల్లో కనిపించే లోపం.

ఇరవై మీటర్లు దాటితే గాలి మందగిస్తుంది. చిన్న బ్లోయర్, వెడల్పాటి గొట్టంతో మంచి గాలి తవ్వే కొస దాకా తీసుకుపోవాలి. కార్బన్ డయాక్సైడ్ బరువు, కిందికి దిగే సొరంగాల్లో అడుగున చేరుతుంది. దిగేముందు గ్యాస్ మీటర్ పెట్టి చూడాలి. పాత సొరంగాల్లో గబ్బిలాల రెట్ట ఉంటే హిస్టోప్లాస్మా అనే బూజుతో ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, అక్కడ మాస్కు తప్పనిసరి. పని జరిగేది గ్వాటెమాలా ఉత్తరాన ఉన్న పేతేన్ అడవిలో వానలు లేని కాలంలో, ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా. వానలు పట్టాక నింపుడు నీరు తాగి బరువెక్కుతుంది, నిన్నటిదాకా నిలిచిన కప్పు కూడా నమ్మకం ఉండదు.

గార_పూత:

అమ్మా శ్రావణీ, మూడో ప్రశ్న దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అదీ తొందరపాటు వల్ల.

మూసిన గదిలో గాలి తేమ వంద శాతానికి దగ్గరగా ఉంటుంది. వెయ్యేళ్ళకు పైగా అదే తేమ, అదే వేడి. లోపలున్న కొయ్య, బట్ట, గార పూత, ఎముక అన్నీ ఆ స్థితికి అలవాటుపడి ఉంటాయి. కప్పు తీసి పొడిగాలి వదిలితే కొన్ని గంటల్లోనే గార పూత పెచ్చులు లేస్తుంది, గోడమీది రంగు పొడిలా రాలుతుంది. అందుకే తెరవడం అంటే రాయి లేపడం కాదు, ముందు ఒక చిన్న కంత.

రెండు కప్పురాళ్ళ మధ్య సందులోంచి గానీ, వదులైన చిన్న రాయి తీసిగానీ ఎండోస్కోప్ కెమెరా దింపుతారు. పాలెంకే 20వ గుడి కింది గదిలోకి 2011లో ఇలాగే చిన్న కెమెరా దించి ఎర్రటి గోడ చిత్రాలు, కుండలు చూశారు. కంత చేయగానే ఉష్ణోగ్రత, తేమ రాసే డేటా లాగర్ లోపలికి దించాలి. కెమెరా తీసిన ప్రతిసారీ కంతను ఫోమ్ ముక్కతో మూయాలి. వేడి పుట్టించే హాలోజన్ దీపాలు వద్దు, ఎల్ఈడీలే. ఆ ఫోటోలు చూశాకే ఏ వైపు నుంచి దిగాలో, ఎన్ని పెట్టెలు కావాలో, సంరక్షకులు ఎంతమంది ఉండాలో తేల్చుకుంటారు. సరంజామా చేరేదాకా తెరవరు. తెరిచిన క్షణం నుంచి పని ముగిసేదాకా రాత్రీ పగలూ కాపలా ఉండాలి, అందుకు కూడా మనుషులను ముందే పెట్టుకోవాలి.

సొరంగం నోటి దగ్గర, గది ముందర రెండు చోట్ల మందపాటి ప్లాస్టిక్ తెరలు వేలాడదీస్తారు. ఒకటి మూసాకే రెండోది తెరవాలి. కప్పురాయి తీయాల్సి వస్తే నడిమిది ముట్టుకోరు, ఒక చివరది తీస్తారు. కప్పు రెండు పక్కల నుంచీ ఒకదానికంటే ఒకటి ముందుకు జరిపి పేర్చిన రాళ్ళతో కట్టింది. పైన కూర్చున్న మూతరాయి ఆ రెండు పక్కలనూ అదిమి పట్టి ఉంటుంది. మధ్యలో తీస్తే పక్క రాళ్ళు గదిలోకి జారి కుండల మీద పడతాయి. తీయబోయే రాయికి ముందే పట్టీలు చుట్టి, పక్క రాళ్ళకు కింద నుంచి ఆధారం పెట్టాలి.

గదిలో మనిషి నేల మీద కాలు పెట్టడు. గోడల అంచులకు అడ్డంగా అల్యూమినియం గొట్టాలు, వాటి మీద పలకలు వేసి, బోర్లా పడుకుని పని చేస్తారు. మొదటి పని ఫోటోగ్రామెట్రీ, అంటే ఫోటోల నుంచి కొలతలతో కూడిన త్రిమితీయ నమూనా కట్టడం. వరస ఫోటోలు ఒకదానిపై ఒకటి కనీసం 70 శాతం కలిసేలా, స్కేలు, స్థిర గుర్తులతో. ఏ వస్తువూ తీయకముందు ఒకసారి, ఆ తర్వాత ప్రతి పొర తీశాక మళ్ళీ. కప్పు నుంచి రాలిన సున్నపు పెచ్చులు ఒక పొరగా అన్నిటినీ కప్పి ఉంటాయి, ఆ పొర కింద ఏముందో, పైన ఏముందో వేరుగా రాయాలి. సమాధిని తర్వాతి కాలంలో ఎవరైనా తెరిచారా అన్నది చాలాసార్లు దీంతోనే తేలుతుంది.

అతి కష్టమైనవి కుండలు కావు, పచ్చరాయి కాదు. సొరబుర్రలు, కొయ్య పళ్ళేలు. వాటి మీద సన్నటి గార పూసి రంగులు వేసేవాళ్ళు. సొరబుర్ర మట్టిలో కలిసిపోయాక మిగిలేది మిల్లీమీటరు కూడా లేని రంగు పొర ఒక్కటే, ఆకారం పట్టుకుని అలా నిలబడి ఉంటుంది. బ్రష్ తగిలితే చాలు పోతుంది. దానికి ఇలా:

ముందు పక్కన మట్టిని వెదురు పుల్లతో తీయాలి, ఇనుము వద్దు. తడిగా ఉన్న పొర మీద అసిటోన్‌లో కలిపిన పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్ పూస్తే తెల్లగా పాలిపోతుంది, అది తేమ వల్ల. తడి ఉన్నంతసేపు నీటిలో కలిసే అక్రిలిక్ ఎమల్షన్‌ను బాగా పలచన చేసి, సూది సిరంజితో అంచు నుంచి చుక్క చుక్కగా ఇవ్వాలి. ఆరిన పొరకైతే బి-72ను ముందు 2 శాతం, తర్వాత 5 శాతం. మొదటే చిక్కటిది పూస్తే పైన తోలు కట్టి లోపలికి దిగదు, ఆరాక ముడుచుకుని రంగును ఊడబెరుకుతుంది. దానిమీద జపాన్ కాగితం అతికి, కింద మట్టితో సహా దిమ్మగా తీస్తారు. దిమ్మ చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి, ఆపైన ప్లాస్టర్ కట్టు. పాలీయురేథేన్ ఫోమ్ మూసిన సొరంగంలో వాడకండి, వేడీ పుడుతుంది, విషపు ఆవిరీ వస్తుంది.

తికాల్ 195వ సమాధి గురించి మీ సెమినార్‌లో తప్పకుండా చెప్పాలి. ఆ గది పూర్వమే బురదతో నిండిపోయింది. తర్వాత లోపలి కొయ్య బొమ్మలు కుళ్ళిపోయి, బురదలో వాటి ఆకారంలో బోలు మిగిలింది. తవ్వేవాళ్ళు తాపీ ఆపి ఆ బోలులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోశారు. కావీల్ దేవుడి బొమ్మలు నాలుగు, పై గార పూతతో సహా బయటికి వచ్చాయి. మట్టిలో అనుకోని బోలు తగిలితే చెయ్యి పెట్టి వెతకకూడదని ఇందుకే అంటాను.

పచ్చరాయి ముసుగులకు కూడా ఇదే జాగ్రత్త. వెనకున్న కొయ్యో మరొకటో పోయి ముక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి. ప్రతి ముక్కకూ నంబరు, మూడు కొలతలు, ఏ ముఖం పైకి ఉందో. నిట్టనిలువుగా పైనుంచి తీసిన ఫోటోలో నంబర్లు రాసుకున్నాకే ముక్క కదలాలి. సున్నపు పెచ్చు పట్టిందని ఆమ్లంతో కడగకూడదు, పక్కనున్న శంఖపు ముక్కలూ ముత్యాలూ కరిగిపోతాయి. మిగతా మట్టి అంతా 2 మిల్లీమీటర్ల జల్లెడలో.

ఇప్పుడు ఎర్రపొడి. అది ఇంగిలీకం, అంటే పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం. పాలెంకేలో పకల్ శవపేటికలో, 1994లో 13వ గుడిలో దొరికిన, ఎర్రరాణి అని పేరు పెట్టిన స్త్రీ సమాధిలో, కోపాన్ మార్గరీటా సమాధిలో పుష్కలంగా ఉంది. నీటిలో దాదాపు కరగదు కాబట్టి చర్మానికి తగిలినంత మాత్రాన విషం ఎక్కదు. ప్రమాదం దుమ్ముగా పీలిస్తే, చేతుల నుంచి నోట్లోకి పోతే, వేడి తగిలితే. అందుకని:

పి-100 ఫిల్టరున్న మాస్కు, నైట్రైల్ చేతితొడుగులు, వాడి పారేసే పైదుస్తులు. పొడి బ్రష్‌తో ఊడ్వకూడదు, నోటితో ఊదకూడదు, మామూలు వాక్యూమ్ పెట్టకూడదు. బయటికి వచ్చేచోట దుస్తులు విప్పే గది, కడుక్కునే నీళ్ళు. తిండీ నీళ్ళూ సొరంగం బయటే. కొన్ని మాయా స్థలాల్లో ద్రవ పాదరసమే దొరికింది, కోపాన్‌లోనూ. అందుకని పాదరసపు ఆవిరి కొలిచే మీటరు దగ్గరుండాలి. ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే, చేతిలో పట్టుకునే ఎక్స్ఆర్ఎఫ్ యంత్రంతో ఇంగిలీకమా, మామూలు ఎర్రమట్టి ఖనిజమా అన్నది నిమిషంలో తేలుతుంది. రెండూ కలిపి వాడిన చోట్లూ ఉన్నాయి. ఇంగిలీకం వెలుతురు సోకితే నల్లబడుతుంది, పని లేని వేళ నల్లగుడ్డ కప్పి ఉంచాలి.

ఎముకలు బలహీనంగా ఉంటే వాటికి కూడా అక్రిలిక్ ఇచ్చి గట్టిపరచాకే లేపండి.

పళ్ళు_పుర్రె:

పై సమాధానంలో చివరి వాక్యం ఒక్కటి ఒప్పుకోలేను. గట్టిపరచే మందు ముందు, నమూనా తర్వాత అన్న వరస వద్దు. అక్రిలిక్ పెట్రోలియం నుంచి వస్తుంది, అందులోని కార్బన్‌లో రేడియోకార్బన్ మిగిలి ఉండదు. ఎముకలోని కొలాజెన్ అనే ప్రోటీన్‌లో అది కొద్దిగా కలిసినా తేదీ అసలు కంటే పాతదిగా వస్తుంది. డీఎన్ఏకు కూడా చేటే. ఉష్ణమండలంలో డీఎన్ఏ ఎలాగూ అరుదుగానే మిగులుతుంది, మిగిలితే చెవి లోపలి గట్టి ఎముకలో. కాబట్టి ఏ మందూ తగలకముందే ఇవి తీసి పక్కన పెట్టాలి: ఆ చెవి లోపలి గట్టి ఎముక ఒకటి, మొదటి దవడ పన్ను, జ్ఞానదంతం, ఒక పక్కటెముక ముక్క. రేకులో చుట్టి, నంబరు రాసి, ఇంగిలీకం ఉందని సంచి మీద ఎర్ర అక్షరాలతో రాయాలి. ప్రయోగశాలలో దాన్ని కాలుస్తారు, తెలియకపోతే అక్కడివాళ్ళకు ప్రమాదం.

పళ్ళు ఎందుకంటే, మొదటి దవడ పన్ను పింగాణి పుట్టుక నుంచి మూడేళ్ళ లోపు ఏర్పడుతుంది, జ్ఞానదంతానిది బాల్యం చివర్నుంచి కౌమారం దాకా. ఆ వయసులో తిన్న తిండి ద్వారా చేరిన స్ట్రాన్షియం అనే మూలకం అక్కడి నేల సంతకం. కోపాన్ వంశకర్త కినిచ్ యాష్ కుక్ మో 426లో గద్దెనెక్కి 427లో కోపాన్‌కు వచ్చాడని శాసనం చెబుతుంది. ఉనాల్ గుడి కింద దొరికిన, ఆయనదిగా భావించే అస్థిపంజరం పళ్ళు ఆ మనిషి కోపాన్‌లో పెరగలేదని చెప్పాయి. జేన్ బ్విక్‌స్ట్రా అధ్యయనంలో కుడి ముంజేతికి విరిగి అతికిన గాయం కనిపించింది. కుండల లోపలి భాగం కూడా కడగకండి. గ్వాటెమాలాలోని రియో అసుల్ 19వ సమాధి కుండ మీద కకావ్ (కోకో) అని రాసి ఉంది, లోపలి అడుగులో చాక్లెట్ రసాయనం తేలింది. కడిగి ఉంటే రాత మాత్రమే మిగిలేది.

వయసు అంచనా విషయంలో పకల్ కథ చదవండి. శాసనం ప్రకారం 603లో పుట్టి 683లో చనిపోయాడు, 80 ఏళ్ళు. 1950లలో ఎముకలు చూసినవాళ్ళు 40 నుంచి 50 మధ్య అన్నారు. పళ్ళ అరుగుదల తక్కువగా ఉండటం అందుకు ఒక కారణం. రాజులు తిన్నది మెత్తటి తిండి. వెరా టీస్లర్, ఆండ్రియా కుచీనా నేతృత్వంలో తర్వాత జరిగిన పరీక్ష అతను వయసు మీరినవాడేనని తేల్చింది. పళ్ళ అరుగుదలను జనసామాన్యపు పట్టికతో పోల్చి రాజు వయసు చెప్పడం తప్పు దారి.

ఎముకలు చెదిరి ఉంటే దొంగల పని అని వెంటనే రాయొద్దు. మాయావాళ్ళే సమాధులు తిరిగి తెరిచేవాళ్ళు. మార్గరీటాలో అలాగే జరిగింది. కీళ్ళ మధ్య, ఎముక చివర్ల మీద కూడా ఎర్రరంగు ఉంటే, మాంసం పోయాక పూశారని అర్థం. ఆ చూపు పడాలంటే ఎముకను లేపేముందే ప్రతి కీలు దగ్గరగా ఫోటో తీసి ఉండాలి.

గార_పూత:

నమూనా ముందు అన్నది సరైన మాటే, ఒప్పుకుంటాను. తేలిపోయేలా ఉన్న మిగతా ఎముకలకు మాత్రమే మందు, అదీ ఏ ఎముకకు ఎంత శాతం ఇచ్చామో పట్టికలో రాసి.

శ్రావణి_తిరుపతి:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి సర్. పకల్ శవపేటిక మూత అయిదు టన్నులు అంటారు. క్రేన్ లేకుండా ఆ ఇరుకులో ఎలా లేపారు? పని అయిపోయాక సొరంగాలను ఏం చేస్తారు?

తూకంగుండు:

బరువు మీరే లెక్క కట్టి చూపించండి, సెమినార్‌లో బాగుంటుంది. మూత సుమారు 3.8 మీటర్ల పొడవు, 2.2 వెడల్పు, పావు మీటరు మందం. రెండు ఘనపు మీటర్ల పైచిలుకు. సున్నపురాయి ఘనపు మీటరుకు 2.4 టన్నులు అనుకుంటే అయిదు టన్నులే వస్తుంది. శవపేటిక గది గుమ్మం కంటే పెద్దది, అంటే దాన్ని పెట్టాక చుట్టూ గది, పైన పిరమిడ్ కట్టారు.

1952 నవంబరులో రూస్ వాడింది కార్ల కింద పెట్టే జాకీలు, చెట్టు దుంగలు. నాలుగు మూలలా దుంగ ముక్కలు నిలబెట్టి, వాటి మీద జాకీలు పెట్టి, కొద్దికొద్దిగా లేపారు. ఇలాంటి పనిలో సూత్రం ఒకటే: ఒక మూల మరో మూల కంటే ఎక్కువ లేవకూడదు. మూతంతా చెక్కడం నిండిన రాయి, మెలి పడితే పగులుతుంది. తడి సున్నపురాయి మన చిత్తూరు నల్లరాయి కంటే చాలా బలహీనం. జాకీ వేలెడు లేచిన ప్రతిసారీ పక్కన కొయ్య దిమ్మ చొప్పించాలి. జాకీ జారినా రాయి దిమ్మ మీద ఆగాలి. జాకీ ఒక్కదాని మీద నిలబడిన రాయి కింద తలా చెయ్యీ పెట్టకూడదు. రాయికీ జాకీకీ మధ్య మెత్తటి కొయ్య పలక, లేకపోతే ఆ ఒక్కచోట రాయి చిట్లుతుంది.

సొరంగం తెరిచి వదిలేయడం మంచిది కాదు. లోపల తేమ ఎండాకాలం తగ్గి వానాకాలం పెరుగుతూ ఉంటే, సున్నంలోని లవణాలు ఉపరితలానికి వచ్చి గార పెచ్చులు లేస్తాయి. కోపాన్‌లో 1998 మిచ్ తుఫాను తర్వాత నీరు లోపలికి దిగి సొరంగాలకు నష్టం జరిగింది. కాబట్టి చూపించడానికి ఉంచిన కొన్ని తప్ప మిగతావి పూడుస్తారు. తీసిన రాళ్ళనే బురదలో బిగించి, కొస నుంచి నోటి వైపు వెనక్కి వస్తూ. గార బొమ్మల ముందు మెత్తటి జల్లెడ మట్టి, జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ తర్వాతే రాళ్ళు. ఎక్కువమంది చేసే పొరపాటు కప్పు దగ్గర జానెడు ఖాళీ వదలడం. వంగి నింపడం కష్టం కాబట్టి అక్కడ ఆపేస్తారు. బురద ఆరి దిగాక ఆ ఖాళీ ఇంకా పెరిగి పైనున్న నింపుడు జారడం మొదలవుతుంది. కప్పు దాకా రాయి కొట్టి బిగించాలి.

స్వర్ణముఖి_గట్టు:

పాండవ గుళ్ళ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెబుతున్నాను. పద్ధతుల్లో మనకు నేరుగా పనికొచ్చేవి మూడు: కప్పుబండ కదపకుండా పక్క రాయికి ఉన్న గుండ్రటి కంతలోంచి కెమెరా దింపి చూడటం, అడుగు మట్టి మొత్తం జల్లెడ పట్టడం, కుండల లోపల కడగకపోవడం. సొరంగం అక్కర్లేదు. ఎర్రమట్టి ఆమ్ల గుణం వల్ల ఎముక అంతగా మిగలదు, మాయా సున్నపురాయి గదులంత ఆశ పెట్టుకోకూడదు.

కానీ ఇది అనుమతితోనే. 1958 నాటి ప్రాచీన కట్టడాల, పురావస్తు స్థలాల చట్టం కింద కేంద్ర పురావస్తు శాఖ లైసెన్స్ లేకుండా గడ్డపార దించకూడదు. పొలంలో ఏదైనా బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. మన సీమలో గుప్తనిధుల కోసం కప్పుబండలు పగలగొట్టిన గుళ్ళు ఎన్నో. పేతేన్‌లోనూ ఇదే పీడ, రియో అసుల్‌లో గోడల మీద చిత్రాలున్న 1వ సమాధిని దొంగలు ముందే ఖాళీ చేశారు.

అయితే దొంగలు తవ్విన గుంటను కూడా వదలకూడదు, శ్రావణీ. గ్వాటెమాలాలోని సాన్ బార్తోలో గోడచిత్రాలు 2001లో పురావస్తు శాస్త్రవేత్త విలియం సాటర్నోకు కనిపించింది దొంగలు వేసిన సొరంగంలోనే. అలాంటి గుంట దొరికితే దాన్ని పెంచకుండా, లోపల రాలిన మట్టి మాత్రం తీసి జల్లెడ పట్టి, పక్కగోడ తాపీతో నిలువుగా చదును చేసి పొరలు గీసుకోవాలి. కొత్తగా ఒక్క అడుగు తవ్వకుండా ఆ గుడి పొరల వరస అంతా కాగితం మీదికి వస్తుంది. దానికి కూడా పురావస్తు శాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. మీ విభాగం ద్వారా దరఖాస్తు పెట్టండి, విడిగా వెళ్ళకండి.